అమ్మే ముందు ఇంటి ముందుభాగం మీద ఎంత ఖర్చు పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గుంటూరులో మీ నాన్నగారు 1996లో కట్టించిన ఇల్లు. 200 గజాలు, తూర్పు ముఖం, కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను. అమ్మకానికి పెట్టి ఏడు నెలలైంది. వచ్చినవాళ్లు గేటు దగ్గరే ముఖం చిట్లించి, లోపల మొక్కుబడిగా తిరిగి వెళ్లిపోతున్నారు. ఎలివేషన్, అంటే ఇంటి ముందు రూపు, మార్పిస్తే ధర పలుకుతుందంటూ మధ్యవర్తి ఆరు లక్షల అంచనా తెచ్చిచ్చాడు. పెట్టాలా, వద్దా?

ఆరు లక్షలు పెట్టకండి. లక్ష, మహా అయితే లక్షా పాతిక వేలు పెట్టండి. ఆ డబ్బుతో కొత్త హంగులు చేర్చకండి, ఈ ఇంటిని ఎవరూ పట్టించుకోలేదని చాటి చెప్పే గుర్తులను తీసేయించండి. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. అది తేల్చకుండా దిగితే ఆ లక్ష కూడా దండగే.

నేను గుంటూరు, తెనాలి, విజయవాడల్లో ఇరవై ఏడేళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. ఈ పదేళ్లలో కొత్తవాటికన్నా పాతవాటి మరమ్మతులే ఎక్కువ చేశాను. అమ్మేవాళ్ల తరఫున పని చేశాను, కొనేవాళ్లు తోడు రమ్మంటే వాళ్ల వెంటా వెళ్లాను. అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది. ఓపిక పట్టండి.

ముందు తేల్చుకోవలసింది: మీ దగ్గర కొనేవాడు ఇంటిని కొంటాడా, స్థలాన్ని కొంటాడా?

మీ వీధిలో ఈ రెండు మూడేళ్లలో అమ్ముడైన పాత ఇళ్లు ఏమయ్యాయో ఒకసారి నడుచుకుంటూ వెళ్లి చూసి రండి. వాటిలో కొన్నవాళ్లు కాపురం ఉంటున్నారా, లేక పడగొట్టి పిల్లర్లు లేపారా? ఎక్కువ చోట్ల పిల్లర్లు లేస్తుంటే మీ ఇంటికి వచ్చేదీ బిల్డరే. అతను గోడ వంక చూడడు. టేపు తీసి రోడ్డు వెడల్పు కొలుస్తాడు, స్థలం మూలలు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తాడు, లింకు డాక్యుమెంట్లు, అంటే స్థలం చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజులు, అడుగుతాడు. మీరు వేయించిన కొత్త రంగు అతని లెక్కలో శిథిలాలతో పాటు లారీ ఎక్కేదే. అలాంటప్పుడు ఆవరణ ఊడిపించి, కాగితాలు సిద్ధం చేసి ఊరుకోండి.

వీధిలో పాత ఇళ్లను కొని అందులోనే ఉంటున్నవాళ్లు కనిపిస్తే మాత్రం కింద రాసేదంతా మీకు పనికొస్తుంది. మీది రెండు పోర్షన్ల ఇల్లు కాబట్టి, కింద తాము ఉండి పైభాగం అద్దెకిచ్చుకునే మధ్యతరగతి కుటుంబం వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్లు బ్యాంకు అప్పుతో కొంటారు. బ్యాంకు పంపే వాల్యుయేటరు స్థలానికి ఒక రేటు, కట్టడానికి ఒక రేటు కట్టి, కట్టడం వయసును బట్టి అందులో తరుగుదల తీసేస్తాడు. ముందుగోడకు బిగించిన మెరుపుల ప్యానళ్లకు అతని కాగితంలో దాదాపు విలువ ఉండదు. మీ ఆరు లక్షల్లో ఎంత వెనక్కి వస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది.

అయితే ఇంటి ముఖం ఎందుకంత ముఖ్యం?

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇల్లాలి మాట అటుంచండి. ఇల్లు కొనేవాడు వీధిలో నిలబడి చూసేది మాత్రం ఇంటివాళ్లనే. పైపు కారితే వారంలో బాగు చేయించే రకమా, బక్కెట్టు పెట్టి ఏళ్లు గడిపే రకమా అని లెక్క వేసుకుంటాడు. గోడ లోపలి వైరింగు అతనికి కనిపించదు, నేల కింది పైపులు కనిపించవు, శ్లాబులోని ఇనుము కనిపించదు. కనిపించని వాటి గురించి కనిపించే వాటినే అడుగుతాడు. గేటు తుప్పు పట్టి ఉంటే సంపులో పాచి ఉంటుందనుకుంటాడు. ఆ అనుమానంతో లోపలికి అడుగు పెట్టినవాడికి మీ పూజగది పాలరాయి కూడా పాతగానే కనిపిస్తుంది.

నాలుగేళ్ల కిందట తెనాలిలో ఒక ఇల్లు చూడటానికి కొనేవాళ్ల తరఫున వెళ్లాను. ముందుగోడకు అప్పుడే రంగు వేశారు, ఇంకా వాసన పోలేదు. లేత గంధం రంగు, చూడముచ్చటగానే ఉంది. కొనబోయే పెద్దాయన రైసు మిల్లులో గుమాస్తాగా చేసి విరమించిన మనిషి. రంగును మెచ్చుకోలేదు. గేటు పక్కన వంగి, నేలకు జానెడు ఎత్తున గోడను చేత్తో నిమిరాడు. అక్కడ రంగు పొర శనగబద్దంత బుడగలు కట్టి ఉంది. గోటితో గీకితే పొర ఊడి వెనక నుంచి తెల్లటి పొడి రాలింది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, బియ్యం నాణ్యం చూసినట్టు చూసి, "ఇల్లు నీళ్లు తాగుతోందండీ" అన్నాడు. ఆ తర్వాత గంటసేపు ఇల్లంతా చూపించారు. ప్రతి గదిలోనూ ఆయన చూపు గోడల అడుగు భాగం మీదే ఉంది. వంటగది కొత్తదని వాళ్లు చెబుతూనే ఉన్నారు, ఆయన వినలేదు.

కాబట్టి పని మొదలుపెట్టేటప్పుడు రంగు డబ్బా చివర, నీళ్ల సంగతి మొదట.

నీటి మరకలు

మీరు పంపిన ఫొటోలో పై అంతస్తు సన్‌షేడ్ల (కిటికీల మీద బయటికి పొడుచుకొచ్చే చిన్న శ్లాబుల) కింద నల్లటి చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది దుమ్ము కాదు, పాచి. సన్‌షేడు అంచున కింది వైపు ఒక సన్నటి గాడి ఉండాలి. వాన నీరు ఆ గాడి దగ్గర ఆగి చుక్కలుగా కింద పడిపోతుంది. గాడి లేకపోతే నీరు శ్లాబు అడుగును పట్టుకుని లోపలికి పాకి, గోడ వెంట జారుతుంది. మీ ఇల్లు కట్టిన రోజుల్లో చాలామంది మేస్త్రీలు ఈ గాడిని వదిలేసేవారు. ఇప్పుడు కట్టర్‌తో కోయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాత సన్‌షేడుల్లో ఇనుము మీద కాంక్రీటు పొర పలుచగా ఉంటుంది, కోత ఇనుము దాకా వెళ్తుంది. అంచు కింద అల్యూమినియం ఎల్ పట్టీ బిగించి, సందుల్లో సీలెంటు పట్టిస్తే చాలు. చిన్న పని, ఒక్క రోజులో అయిపోతుంది.

డాబా మీది వాన నీటి గొట్టాలు చూడండి. గోడలోంచి రెండంగుళాలు మాత్రమే బయటికి వచ్చి ఉంటే ఆ నీరంతా గోడ మీదే పడుతుంది. కింది దాకా పైపు దింపించండి. ట్యాంకు నిండి పొర్లే నీరు ఎటు పోతోందో కూడా గమనించండి. చాలా ఇళ్లలో ముందుగోడ మీది అతి పెద్ద మరక వానది కాదు, మోటారు ఆపడం మరిచిపోయిన ఉదయాలది.

పిట్టగోడ పగులులో రావి మొక్క ఉంటే ఆకులు తుంచి ఊరుకోవద్దు. వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది, పగులును మరింత తెరుస్తుంది. అక్కడి ప్లాస్టరింగు కొంత తొలిచి, వేరును వీలైనంత లాగేసి, మిగిలినదాన్ని చంపే మందు పూసి, ఆ తర్వాతే సిమెంటుతో పూడ్చాలి. కొనేవాడు తల ఎత్తగానే ఆకాశం పక్కన కనిపించే మొదటి వస్తువు అదే.

గోడ అడుగున చెమ్మ ఉంటే దాని మీద టైల్స్ అంటించమని పెయింటరు దగ్గర నుంచి బావమరిది దాకా అందరూ సలహా ఇస్తారు. వినకండి. నేల నుంచి పైకి ఎక్కే నీరు టైలు వెనక నుంచి ఇంకాస్త ఎత్తుకు ఎక్కి, మూడడుగుల దగ్గర ఆగేది నాలుగడుగుల దగ్గర ఉబ్బుతుంది. పాడైన ప్లాస్టరింగు చెక్కించి, ఇటుక ఆరనిచ్చి, నీటిని అడ్డుకునే మందు కలిపిన సిమెంటుతో మళ్లీ పూయించాలి. ఇది కూడా శాశ్వత వైద్యం కాదని కొనేవాళ్లకు చెప్పండి. ఎందుకు చెప్పాలో కింద రాస్తాను.

పగుళ్లు

మన వైపు నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఇంటి పునాది లోతుగా ఉన్నా, ప్రహరీకి, ముందు మెట్లకు పునాది పైపైనే వేస్తారు. అందుకే ప్రహరీ ఒరుగుతుంది, మెట్ల వరుస ఇంటి నుంచి వేలెడు దూరం జరుగుతుంది. ఆ సందు చూసి ఇల్లే కుంగిందని భయపడేవాళ్లు ఎక్కువ. సందులో సాగే గుణమున్న సీలెంటు నింపించండి. అక్కడ సిమెంటు నింపితే మరుసటి వేసవికి మళ్లీ విడిపోతుంది.

ప్లాస్టరింగు మీది వెంట్రుక బీటలకు దిగులు పడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పోయే పగులు, రూపాయి బిళ్ల దూరేంత వెడల్పుంటే మాత్రం అమ్మకం పక్కన పెట్టి ఇంజనీరును పిలవండి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మేలో కుప్పకూలింది. ఆ ఏడాదంతా నన్ను పగుళ్ల గురించి అడగని గృహస్థు లేడు. ఆ భయం ఒకందుకు మంచిదే అనిపించింది. అప్పటిదాకా పగులంటే పుట్టీ పెట్టి మూసేసేదని అనుకునేవారు.

పుట్టీ మాట వచ్చింది కాబట్టి చట్టం మాట కూడా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన ముఖ్యమైన లోపాన్ని, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే, అమ్మేవాడు చెప్పి తీరాలి. మీరు పగులు కప్పి రంగు వేయిస్తే దాన్ని కనిపెట్టలేనిదిగా చేసింది మీరే అవుతుంది. చెమ్మ, పగులు వంటివాటిని బాగు చేయించి, బిల్లు దగ్గర పెట్టుకుని, "ఇక్కడ ఇలా ఉండేది, ఇలా చేయించాం" అని మీరే చెప్పండి. అలా చెప్పినందుకు బేరం చెడిన సందర్భం నేను చూడలేదు. దాచినందుకు చెడినవి చూశాను.

అందులో ఒకటి నా నిర్వాకమే. విజయవాడలో ఒక ఇంటాయన అమ్మే ముందు మీ మధ్యవర్తి చెప్పిన పనే చేయించమన్నాడు. ముందుగోడ మొత్తానికి అల్యూమినియం ప్యానళ్లు, మధ్యలో నిలువుగా ఎరుపు పట్టీ, సీఎన్‌సీ జాలీ (యంత్రంతో డిజైను కోసిన పలక), నీలం దీపాలు. సన్‌షేడుల్లోంచి నీరు కారుతోందని నాకు తెలుసు. ప్యానళ్లు కప్పేస్తాయిలే అని నేనూ ఊరుకున్నాను. రెండు నెలలు వీధికే అందం వచ్చింది. వానలు మొదలయ్యాక నీరు ప్యానళ్ల వెనక నుంచి దిగి, పోర్టికో పైకప్పులోంచి చుక్కలు పడింది. అదే వారం ఒక కుటుంబం చూడటానికి వచ్చింది. వాళ్లలో ఒక కుర్రవాడు ప్యానలు మీద వేలి కణుపుతో తట్టాడు. డొల్ల శబ్దం వచ్చింది. "దీని వెనక ఏముందండీ?" అన్నాడు. ఇంటాయన నా వంక చూశాడు, నేను నేల వంక చూశాను. ఒక ప్యానలు విప్పి చూపించక తప్పలేదు. వెనక గోడ నల్లగా, పావురాల రెట్టతో ఉంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఆ రోజు నన్ను చూసే పుట్టిందనిపించింది. ఆ కుటుంబం మళ్లీ రాలేదు. నేను నా కూలి వదులుకుని ఆ సన్‌షేడులు బాగు చేయించాను.

ఆ ప్యానళ్ల గురించి ఇంకో మాట. చవక రకాల్లో రెండు రేకుల మధ్య ఉండేది పాలిథిలిన్, అంటే కాలే ప్లాస్టిక్కు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయిన అగ్నిప్రమాదంలో మంటలు అంత వేగంగా పాకడానికి ప్రధాన కారణం అలాంటి ప్యానళ్లేనని అక్కడి విచారణ తేల్చింది. మీ రెండంతస్తుల ఇంటిని దానితో పోల్చలేం గానీ, కరెంటు మీటరు పక్కనే దాన్ని బిగించేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

గేటు నుంచి గడప దాకా

చూడవచ్చినవాళ్లు మొదట ముట్టుకునేది మీ గేటు గొళ్లెం. దాన్ని చాలామంది మరిచిపోతారు. గొళ్లెం ఇరుక్కుని, లోపలి నుంచి మీరు "కొంచెం పైకెత్తి లాగండి" అని అరిచారంటే అక్కడే సగం ధర పోయిందనుకోండి. కీళ్లకు గ్రీజు పెట్టించండి. గేటు కుంగి నేలను రాస్తుంటే వెల్డరును పిలిపించి కీలు పైకి జరిపించండి. అడుగున తుప్పు తిన్న భాగం కోసి కొత్త ముక్క అతికించాలి. తుప్పు మీదే రంగు పూస్తే ఆరు నెలలు కూడా ఆగదు. ఇసుక కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఒక పూత, దాని మీద ఎనామెల్ రెండు పూతలు. ముదురు బూడిద రంగు గానీ నలుపు గానీ వేయించండి. బంగారు రంగు ముళ్లు, పూలు మాత్రం వద్దు.

గేటు ముందు మురుగు కాలువ మీది బండ పగిలి ఉంటే ముందు దాన్ని మార్పించండి. కారు దిగినవాడి మొదటి అడుగు అక్కడే పడుతుంది. ర్యాంపు రోడ్డు మీదికి పొడిగించకండి, అది ఆక్రమణ అవుతుంది. ఎనిమిది అడుగుల పొడవుకు అడుగు ఎత్తు మించితే కారు అడుగు రాసుకుంటుంది.

ఇక్కడ ఒక చేదు నిజం. మీ నాన్నగారు కట్టినప్పుడు ఇల్లు రోడ్డుకన్నా రెండడుగుల ఎత్తులో ఉండి ఉంటుంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తూ పోవడంతో మన ఊళ్లలో ఆ ఎత్తు కరిగిపోయింది. ఫొటోలో మీ గేటు దగ్గర ఆవరణ రోడ్డుకన్నా పల్లంగా కనిపిస్తోంది. దీన్ని ఏ ఎలివేషనూ దాచలేదు. జాకీలతో ఇల్లు ఎత్తించేవాళ్లు ఉన్నారు, అమ్మే ఇంటికి ఆ ఖర్చు వద్దు. గేటు గీత వెంట జాలీ మూతతో ఒక అడ్డ కాలువ కట్టించి, నీరు లోపలికి రాకుండా చూడండి. ధర మాట్లాడేటప్పుడు ఈ పల్లాన్ని మనసులో పెట్టుకోండి, ఎదుటివాడు తప్పకుండా పెట్టుకుంటాడు.

పాత ఇళ్లకు వీధి అరుగు ఉండేది. ఎవరిదో తెలియని బాటసారి కూడా దాని మీద కూర్చుని మంచినీళ్లు అడిగేవాడు. ఇంటికి వచ్చినవాడిని నిలబెట్టకూడదన్న ఆలోచన అరుగు ఎత్తులోనే ఉండేది. ఇప్పుడు గేటు, దాని మీద కుక్క బొమ్మ బోర్డు. అరుగు కట్టించమనడం లేదు. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి, తలుపు తీసేదాకా నీడలో నిలబడటానికి నాలుగడుగుల చోటు ఖాళీ చేయమంటున్నాను. మీ పోర్టికోలో పాత కూలరు, పాలిష్ బండల ముక్కలు, సైకిలు, రంగు డబ్బాలు ఉన్నాయి. అవి తీసేయడానికి ఆటో కిరాయి తప్ప ఖర్చు లేదు.

సింహద్వారం టేకుదని రాశారు. అదే మీ ఇంటికి పెట్టని నగ. పాత వార్నిషు పూర్తిగా గీకించి, సాన పట్టించి, బయటి వాతావరణానికి తట్టుకునే పాలిష్ వేయించండి. మెలమైన్ పాలిష్ లోపలి తలుపులకు బాగుంటుంది గానీ ఎండా వానా తగిలేచోట నిలవదు. గడపకు పసుపు, కుంకుమ, గుమ్మానికి పచ్చి మామిడాకులు. ప్లాస్టిక్ తోరణం తీసేయండి, దుమ్ము పట్టి ఉంది. వాకిలి కడిగి ముగ్గు వేయించండి. ఏ మతంవారు కొన్నా సరే, శుభ్రంగా కడిగిన వాకిలి ఎవరికైనా నచ్చుతుంది.

దిష్టి గుమ్మడికాయ సంగతి చెప్పాలా అని సందేహించాను, చెప్పేస్తున్నాను. మీ గుమ్మం మీద వేలాడేది ఎండి, నల్లబడి, ఒక పక్క కుళ్లి ఉంది. దిష్టి తగలకుండా కట్టినదే ఇప్పుడు అందరి కళ్లనూ లాగుతోంది. కొత్తది కట్టండి, లేదా తీసేయండి.

రంగు

మీ ఇల్లు సుమారు ముప్పై అడుగుల వెడల్పు, పాతిక అడుగుల ఎత్తు. అంటే ముందుభాగం 750 చదరపు అడుగులు, ప్రహరీ రెండు వైపులా కలిపి ఇంకో 300. పాత పొరలు గీకడం, ప్రైమరు, రెండు పూతలు కలిపి మా వైపు నేను ఇప్పుడు ఇస్తున్న లెక్కలో ముప్పై అయిదు వేల లోపే. మీ గోడల మీద పాతికేళ్ల సున్నం, సిమెంటు రంగు పొరలు ఉంటాయి. వాటిని గీకకుండా ఎమల్షన్ వేస్తే కొత్త రంగు పాత పొరతో సహా రేకులుగా ఊడుతుంది. గీకడానికి రెండు రోజుల కూలి ఎక్కువవుతుందని పెయింటరు సణిగితే ఇవ్వండి.

రంగు పుస్తకంలో అగ్గిపెట్టెంత ముక్క చూసి నిర్ణయించకండి. గోడ మీద మూడడుగుల చదరం వేయించి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. లేత రంగు ఒకటి, దానికన్నా కొంచెం ముదురుది ఒకటి, గ్రిల్లులకు ఇంకొకటి. మూడుకు మించితే టెంటు హౌసు అవుతుంది. వానలు తగ్గాక, గోడ ఆరాకే వేయించాలి. శ్రావణంలో అమ్మకాలు బాగుంటాయని ఆషాఢంలో తడి గోడల మీద రంగు వేయించి బుడగలు తెచ్చుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

చేయకూడనివి

వాస్తు కోసం ఏదీ పడగొట్టకండి. మీ సిద్ధాంతి చెప్పినట్టు గేటు జరిపిస్తే, కొనేవాళ్ల సిద్ధాంతి దాన్ని మళ్లీ వెనక్కి జరపమంటాడు. తూర్పు ముఖం మీకు ఎలాగూ కలిసొచ్చేదే.

ముందు ఖాళీ స్థలంలోకి కొత్తగా బాల్కనీ గానీ, స్తంభాలు గానీ జరపకండి. మంజూరైన ప్లానుకూ ఇంటికీ తేడా కనిపిస్తే అప్పిచ్చే బ్యాంకు కాగితాలు పక్కన పెడుతుంది. అందం కోసం కట్టినది అడ్డంకి అవుతుంది.

వేపచెట్టు ఇంటిని కప్పేస్తోందని కొట్టించకండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. అంతకుమించి గుంటూరు ఎండల్లో ఇంటి ముందు వేప నీడ ఉంటే ఏప్రిల్, మే నెలల్లో వచ్చినవాళ్లు మరో పది నిమిషాలు నిలబడతారు. కింది కొమ్మలు తీయించి, బాల్కనీ కనబడేలా చేస్తే చాలు. దాని కింద రెండు నందివర్ధనం, ఒక మందారం కుండీలు పెట్టండి. ఎండిన మొక్కలున్న పాత బక్కెట్లకన్నా ఖాళీ నేల నయం.

చౌకరకం స్టీలు రెయిలింగులు వద్దు. 202 రకం కొన్నాళ్లకే చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. మీ పాత ఇనుప గ్రిల్లు పిట్టల డిజైనుతో ఉంది, ఈ రోజుల్లో చేసేవాళ్లు లేరు. రంగు వేయించి అలాగే ఉంచండి.

ఫొటోలు, చూపించే వేళ

ఇప్పుడు ఇంటిని మొదట చూసేది గేటు దగ్గర కాదు, ఫోనులో. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న కొడుకు ఫొటో చూసి సరేనంటేనే తల్లిదండ్రులు బయలుదేరుతున్నారు. మీది తూర్పు ముఖం కాబట్టి ఉదయం ఏడు, ఎనిమిది మధ్య వెలుతురు నేరుగా గోడ మీద పడుతుంది. సాయంత్రం తీస్తే ఇల్లు నీడలో ఉండి, వెనక ఆకాశం తెల్లగా వెలిగి, ముందుభాగం మసిబారినట్టు వస్తుంది. మీరు పంపిన మూడు ఫొటోలూ సాయంత్రం తీసినవే. ఫొటో తీసేముందు బాల్కనీలో ఆరేసిన బట్టలు, గేటుకు కట్టిన ట్యూషన్ ఫ్లెక్సీ, ముందు నిలిపిన స్కూటరు తీసేయండి. రోడ్డుకు అటు చివర నుంచి, ఇల్లు మొత్తం పట్టేలా నిలబడి తీయండి. మనుషులను రమ్మనేది కూడా ఉదయమే. సాయంత్రమే కుదురుతుందంటే పోర్టికోలో పసుపు వెలుతురు దీపం ఒకటి వెలిగించండి. మిణుకుమనే ట్యూబులైటు మార్చండి.

నా లెక్క మొత్తం ఇలా వస్తుంది: నీటి పనులు, చెమ్మ మరమ్మతు నలభై వేల దాకా, రంగు ముప్పై అయిదు, గేటు, కాలువ బండ, అడ్డ కాలువ కలిపి పాతిక, తలుపు పాలిష్ పది పన్నెండు, చిల్లర అయిదు. ఊరిని బట్టి, మేస్త్రీని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఈ డబ్బు పెడితే ధర ఇంత పెరుగుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి, నేనూ చెప్పను. నేను చూసినంతవరకు జరిగేది వేరు. బేరం ఆడేవాడు ధర తగ్గించమనడానికి వేలు పెట్టి చూపించే వస్తువులు తగ్గుతాయి. "గేటు మార్చుకోవాలి, గోడలు చూడండి, రంగులకే రెండు లక్షలవుతాయి" అని మొదలుపెట్టేవాడికి ఆ మొదలు దొరకదు. రెండోసారి చూడటానికి ఇంటి ఆడవాళ్లను, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు పెరుగుతారు. ఆ రెండో రాకలోనే ఇల్లు అమ్ముడవుతుంది.

మీరు అమ్మేది ఫ్లాటు అయి ఉంటే లెక్క వేరుగా ఉండేది. అక్కడ ముఖం అంటే లిఫ్టు తలుపు, మెట్ల గోడ మీది పాన్ మరకలు, కారిడారులో పక్కవాళ్ల చెప్పుల రాశి. అది అసోసియేషన్‌తో తేల్చుకోవలసిన వ్యవహారం.

ఒక సంగతి మీరు రాయలేదు. మీ గేటు లోపలికి తెరుచుకుంటుందా, వీధిలోకా? ఆవరణ పల్లంగా, రోడ్డు ఎత్తుగా ఉన్న చాలా ఇళ్లలో గేటు తిరగక, వీధి వైపు తెరుచుకునేలా తిప్పేస్తుంటారు. మీదీ అలాంటిదే అయితే వెల్డరును పిలిచే ముందు గేటు అడుగుకూ నేలకూ మధ్య ఎన్ని అంగుళాలు ఉన్నాయో కొలిచి, ఉదయం తీసిన ఫొటోతో పాటు పంపండి. అడ్డ కాలువ ఎక్కడ వేయాలో, గేటును ఎటు తిప్పాలో గీసి చూపిస్తాను.